కుర్చీల వెనక నిలబడ్డ టీచరమ్మ

మా కుట్టు టీచరమ్మ పోయింది. గిద్దలూరు నుంచి వచ్చే పొద్దుటి బస్సు కండక్టరు దిగీ దిగగానే మా పలకల దుకాణం ముందుకు వచ్చాడు. టికెట్ల సంచి ఇంకా భుజానే ఉంది. "అమ్మా, మీ టీచరమ్మ తెల్లారుజామున పోయిందంట. వాళ్ల తమ్ముడు బస్సు కాడికొచ్చి మీకు చెప్పమన్నాడు" అన్నాడు. నేను పలకల మధ్య గడ్డి పెట్టి కట్ట కడుతున్నాను. ఆ కట్ట పూర్తిగా కట్టి, ముడి వేసి, అప్పుడు ఏడ్చాను. ముడి వేయకుండా పని వదిలేస్తే ఆమెకు గిట్టేది కాదు.

ఏడుపుకంటే ముందు నాకు కోపం వచ్చింది. జ్వరం తగ్గేదాకా తమ్ముడింట్లో ఉండి శుక్రవారం క్లాసుకు వచ్చేస్తానన్న మనిషి. మాట మీద నిలబడే మనిషి. ఆ మాట ఒక్కటి ఎట్లా తప్పింది? ఎవరిని అడగాలి? కండక్టరును పట్టుకుని అరిచాను కూడా, పాపం. "నేనేం జేతునమ్మా" అని అతను తల వంచుకుని పోయాడు.

ఆమెను ఎరగనివాళ్లకు కొంచెం చెప్పాలి. మన రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయిన రోజుల్లో మా మార్కాపురంలో మహిళా మండలి పెట్టారు. ఆడవాళ్లకు కుట్టు నేర్పడానికి ఆమెను వేశారు. చిన్నతనంలోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. నేత చీర, ఖాళీ నుదురు, మెడలో కొలత టేపు. ఆ టేపు తీయడం మర్చిపోయి అలాగే కూరగాయలకు వెళ్లేది. కొత్త మనిషి ఎదురైతే ముఖం చూసేది కాదు, భుజాలు చూసేది. నన్ను మొదటిరోజు చూసి, "నీ ఎడమ భుజం కిందికుండాది, బిందె మార్చి మార్చి ఎత్తుకో" అంది. నాకు ఒళ్లు మండింది గానీ ఆ రోజు నుంచి బిందె మార్చుకుంటూనే ఉన్నాను.

ఇంకొక అలవాటు. ఇష్టం లేని ప్రశ్న ఎవరన్నా అడిగితే గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకునేది. ఇంక ఏం మాట్లాడుతుంది? అడిగినవాళ్లు చూసి చూసి వెళ్లిపోవలసిందే. మేము ఏం కుట్టినా ఆఖరి ముడి మాత్రం ఆమె వేసేది కాదు, మాచేతే వేయించేది. "ముడి ఎవురేస్తే బట్ట వాళ్లది, నాకెందుకు" అనేది.

క్లాసు అయిపోయాక ముగ్గురం మిగిలేవాళ్లం. నేను, కాంపౌండరు గారి భార్య, మేరమ్మ. కాంపౌండరు గారి భార్యను అందరం వదినా అని పిలుస్తాం. మనిషి బొద్దు, నవ్వితే రెండు వీధులకు వినిపిస్తుంది. మేరమ్మది అర్ధవీడు దగ్గర పల్లె, పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆదివారం చర్చి తప్పదు, అబద్ధం ఆడదు, అందువల్ల ఆమెతో గుట్టు దాచడం కష్టం. ముగ్గురం టీచరమ్మను అక్కా అనేవాళ్లం.

ఒకనాడు బొత్తాలు కుడుతూ అక్క ఉన్నట్టుండి అంది: "రెండు దినాలు యాడికన్నా పోయొద్దామా?"

"ఎవురింట్లో పెండ్లి?" అంది వదిన.

"పెండ్లీ లేదు, చావూ లేదు. ఊరికే."

ఊరికే. ఆ మాటకు ముగ్గురం నోరు తెరిచాం. కాన్పుకు పోతాం, తలనీలాలకు పోతాం, పరామర్శకు పోతాం. ఊరికే పోవడం ఏమిటి, అదీ ఆడవాళ్లం, ఒక్క మగమనిషి తోడు లేకుండా! మేరమ్మే ముందు తేరుకుని, "యాడికక్కా?" అంది. "బెజవాడకి. కిష్ణమ్మ మీద కొత్త బ్యారేజీ కట్టినారంట, దాని మీద నడిచిపోవచ్చంట" అంది అక్క.

ఇంక చూడండి మా సంబరం. మా దుకాణంలో అంచు విరిగిన పలక ఒకటి తెచ్చాను. అక్క దాని మీద బలపంతో బెజవాడ గీసింది. ఇది స్టేషను, ఇది సత్రం, ఇవి కాలవలు, ఇది బ్యారేజీ. తను మాత్రం చూసిందా? చూసినవాళ్లను అడిగి అడిగి తెలుసుకుంది. ఎవరన్నా లోపలికి వస్తే అరచేత్తో తుడిచేసి జాకెట్టు చెయ్యి గీసేది. మళ్లీ వారం అదే ఊరు మొదటినుంచీ గీసేది. గీసిన ప్రతిసారీ ఊరు కొంచెం పెద్దదయ్యేది.

శనివారం పొద్దుటి రైలెక్కి సాయంత్రానికి దిగాలి. ఆదివారం పొద్దున మేరమ్మ కోసం నలుగురం చర్చికి పోయి వెనక బల్ల మీద కూర్చోవాలి. హోటల్లో బల్ల ముందు కూర్చుని, ఎవరో వడ్డిస్తే తినాలి. ఇది వదిన కోరిక. "నేను వండనిది, నేను కడగనిది ఒక్క పూట తింటే సాలు" అనేది. నాకు సినిమా. అన్నిటికీ ఆఖర్న స్టూడియోలో నలుగురం ఫోటో దిగాలి. అది అక్క కోరిక.

ఆ ఫోటో దగ్గరే పెద్ద తగాదా వచ్చింది. "మీరు ముగ్గురు కుర్చీల్లో కూసోండి, నేను ఎనక నిలబడతా" అంది అక్క. నేను ఒప్పుకోలేదు. ఊళ్లో పేరంటానికి పిలవరు, పెళ్లిపీటల దగ్గరికి రానివ్వరు, ఎక్కడికి పోయినా గోడవారన నిలబడే మనిషి, అక్కడికొచ్చి కూడా నిలబడాలా? "నువ్వు నడిమి కుర్చీలో కూసుంటేనే నేనొచ్చేది" అన్నాను. వదిన ఇంకో అడుగు ముందుకు వేసి, "ఊరు దాటినాక మనల్ని ఎవురు సూస్తారక్కా? కొప్పులో ఇన్ని మల్లెపూలు పెట్టుకో" అంది. అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది.

మగవాళ్లను ఒప్పించడం కష్టం కాలేదు. కష్టం మా అత్త. ఆమెకు శకునం చూడనిదే వాకిలి దాటేది లేదు. ఒంటి తుమ్ము వినపడితే వెనక్కి వచ్చి కూర్చుని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. విధవ ఎదురైతే ఆ రోజుకు ప్రయాణమే లేదు. ఆమె కూడా భర్త పోయిన మనిషే, మేము బయల్దేరేటప్పుడు తలుపు చాటున నిలబడేది. వదిన ఇంట్లోనూ ఇదే పట్టింపు.

దానికీ అక్కే దారి కనిపెట్టింది. "నేను ఎవురికీ ఎదురు రాను. తెల్లారకముందే సామాన్ల బండెక్కి స్టేషనుకు పోయి ఆడ కూసుంటా. మీరిద్దరూ ముత్తైదువలే గదా, ఒకరికొకరు ఎదురు రాండి. అంతకంటే మంచి శకునముంటుందా?" అంది. ఆ తెలివికి మేము మురిసిపోయాం. తన ముఖం మాకు తగలకుండా తనే ఏర్పాటు చేసుకుంటుంటే మేము మురిసిపోవడమేమిటని ఆ రోజు ఒక్కరికీ తోచలేదు.

శనివారం వచ్చింది. జట్కా సాయిబు మా వీధి మొదట్లో బండి ఆపాడు, మేరమ్మ మూట పట్టుకుని ఎక్కి కూర్చుంది. నేను కొత్త చీర కట్టుకుని గడప లోపల నిలబడ్డాను. వదిన ఎదురొస్తే కుడికాలు బయట పెట్టాలి. వదిన రాలేదు. ఎందుకు రాలేదంటే, రెండు వీధుల అవతల తను కూడా కొత్త చీర కట్టుకుని, తన గడప లోపల, నేను ఎదురొస్తానని నిలబడి ఉంది! ముందు బయల్దేరినవాళ్లకు ఎదురొచ్చేది ఎవరు? శకునం లేకుండా మొదటి అడుగు వేయవలసింది ఎవరు? అన్నీ అనుకున్నాం గానీ అది అనుకోలేదు.

"ఏందమ్మా ఇది, రైలు పోతాది!" అని మేరమ్మ బండిలోనుంచి అరుస్తోంది. నేను గడప మీదికి కాలెత్తాను. లోపల ఎవరో తుమ్మారు. "కూసో, నీళ్లు తాగు" అంది అత్త తలుపు చాటునుంచి. తాగాను. మళ్లీ లేచాను. కట్టెల మోపు ఎదురొచ్చింది. మళ్లీ కూర్చున్నాను. ఆ నీళ్లు తాగి తాగి నా కడుపు ఉబ్బింది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, వెంటనే చెప్పలేనంత మంట పుడుతుంది.

చివరికి మేరమ్మే దిగి, పరుగున పోయి వదినను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. జట్కా ఎగురుకుంటూ పోయింది. మా స్టేషను ఊరికి ఎడంగా ఉంటుంది. మేము చేరేటప్పటికి రైలు లేదు, పట్టాల మీద పొగ మాత్రం ఉంది. కూలీ ఒకతను, "మీకోసమేనా? ఆడోళ్ల పెట్టె తలుపుకాడ ఒకామె నిలబడి కనపడినంతసేపు ఇటే చూస్తా పోయింది" అన్నాడు.

సోమవారం పొద్దున అక్క తిరిగి వచ్చింది. మేము ముగ్గురం తలలు వంచుకుని కూర్చున్నాం. అక్క మమ్మల్ని తిట్టలేదు. జరిగింది చెప్పాం. విని పడీ పడీ నవ్వింది. "ముందు ఎవురు అడుగెయ్యాల్నో చెప్పడం మరిస్తి గదే!" అంది. "మరి నువ్వు దిగిరాలేదేందక్కా?" అని వదిన అడిగితే, "దిగితే మల్లా ఎక్కనిస్తారా నన్ను? ఎవురో ఒకరన్నా చూసి రావాల గదా" అంది.

ఆ తర్వాత మొదలుపెట్టింది చెప్పడం. నేను పోయినాను, నేను చూసినాను అని ఒక్కసారి కూడా అనలేదు. మనం అనేది. "మనం బ్యారేజీ మీద నడుస్తా ఉంటే గాలికి మనిషి నిలబడలేదు. వదిన పైట పట్టుకోలేక సచ్చింది." "మనం చర్చిలో కూసుంటే మేరమ్మ ఎంత గట్టిగా పాడిందనుకున్నావు, ముందు బల్లలోళ్లు తిరిగి చూసినారు." "కాలవ గట్టున వదిన చెప్పు జారి నీళ్లల్లో పడింది, ఒక్క చెప్పుతో సత్రానికి కుంటుకుంటా వచ్చింది." ఎన్ని శుక్రవారాలు చెప్పిందో. వినీ వినీ మాకే జ్ఞాపకం వచ్చినట్టు ఉండేది. "నా చెప్పు పడలేదు, నువ్వే తోసినావు" అని వదిన నా మీద పోట్లాటకు వచ్చేది, నిజంగా కోపంతో.

కొన్నాళ్లకు పోస్టులో ఫోటో వచ్చింది. ముందు వరసలో మూడు కుర్చీలు, మూడూ ఖాళీ. వాటి వెనక అక్క నిలబడి ఉంది. ఒక చెయ్యి నడిమి కుర్చీ మీద వేసింది. ముఖంలో దిగులు లేదు. ముగ్గురూ బుద్ధిగా కూర్చున్నారా లేదా అని పైనుంచి చూసుకుంటున్నట్టు ఉంది.

ఫోటో చూసి మా అత్తకు గుండె జారింది. "ఖాళీ కుర్చీలేంది, ముగ్గురు పోయినట్టు! మిమ్మల్ని తీసుకపోయేదానికే దిగింది" అని శాపనార్థాలు పెట్టింది. ఇంక బెజవాడ పేరు ఎత్తనివ్వలేదు. ఊళ్లోనూ అదే మాట పాకింది. అక్క మాత్రం ఆ ఫోటోను క్లాసు గదిలో మిషను పైన తగిలించింది. ఒకసారి మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను: "అక్కా, కొప్పులో పూలు పెట్టుకున్నావా ఆ రోజు?" ముందునుంచి తీసిన ఫోటో కదా, వెనక ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఆమె నా వైపు చూసింది. గుండుసూదులు తీసుకుంది.

ప్రతి వేసవికీ పోదామనుకున్నాం. పిల్లల జబ్బులు, వదిన ఇంట్లో కాన్పు, మా దుకాణంలో పని. అక్క దగ్గర పలక సిద్ధంగానే ఉండేది. ఇంతలో కండక్టరు వచ్చి చెప్పిపోయాడు. మూడు కుర్చీలూ మూడు ప్రాణాలన్నారే, మేము ముగ్గురం రాళ్లలాగా ఉన్నాం. పోయింది నిలబడ్డ మనిషి. ఏం శకునాలివి, నిప్పులో వేయను!

గిద్దలూరు వెళ్లి ఆమె తమ్ముడి ఇంట్లో కూర్చుని వచ్చాం. క్లాసు గదికి తాళం వేశారు. అయిదారు రోజుల తర్వాత పక్కింటి ముసలమ్మ వచ్చి, మధ్యాహ్నం పూట మిషను తొక్కిన చప్పుడు వినిపిస్తోందని చెప్పింది. నేను కసురుకున్నాను. దయ్యాలను నమ్మేదాన్ని కాను. అయితే మర్నాడు ఎండవేళ పలకలు తీసుకుని అటు పోతుంటే నాకూ వినిపించింది. గడగడా తొక్కడం, ఆగడం, మళ్లీ గడగడా తొక్కడం. కుట్టు తిప్పేచోట ఆగినట్టు సరిగ్గా ఆగేది.

ముగ్గురం వెళ్లి తాళం తీయించాం. లోపల ఏముంది? మిషను మీద గుడ్డ కప్పి ఉంది. చక్రం మీద దుమ్ము. కిటికీ గొళ్లెం ఊడి, రెక్క కొట్టుకుంటోంది, అదే అయి ఉంటుందని వదిన అంది. అదే అయి ఉంటుందని నేనూ అన్నాను. కానీ ఇద్దరం గోడ మీది ఫోటో వైపు చూడలేకపోయాం. ఖాళీ కుర్చీ మీద వేసిన ఆ చెయ్యి ఇంకా మాకోసం చోటు పట్టుకునే ఉంది.

మేరమ్మ కిటికీ మూసి వచ్చి, "అక్క మొదలుపెట్టిన బెజవాడకు ముడి పడలేదు. మనమే గదా ఎయ్యాల్సింది" అంది.

వచ్చిన శనివారమే బయల్దేరాం. ఫోటో గోడమీంచి తీసి గుడ్డలో చుట్టుకున్నాను. నేను గడప దగ్గరికి వచ్చేసరికి వాకిట్లో మా అత్త నిలబడి ఉంది. తలుపు చాటున కాదు, నా ఎదురుగా, నడి వాకిట్లో. "ఆ బిడ్డ కోసరం పోతా ఉండారు గదా" అంది. "నా ఎదురు ఏం జేస్తాది? పో." ఆమె కళ్లల్లో నీళ్లు నేను చూడటం అదే మొదలు. ఆ రోజు ఎవరూ కూర్చుని నీళ్లు తాగలేదు.

బెజవాడ నాకు కొత్త ఊరులా కనిపించలేదు. అదే నాకు భయం వేసింది. స్టేషను బయట ఎటు తిరగాలో కాళ్లకే తెలుసు. సత్రం ఆమె గీసిన చోటే ఉంది. బ్యారేజీ మీద గాలికి వదిన పైట ఎగిరింది. చర్చిలో వెనక బల్ల మీద కూర్చున్నాం, మేరమ్మ గొంతెత్తి పాడితే ముందు బల్లలవాళ్లు నిజంగానే వెనక్కి తిరిగి చూశారు. హోటల్లో ఇడ్లీ పెట్టించుకుంటే వదిన ఒక్క ముక్క తిని ప్లేటు నెట్టేసింది. ఇన్నేళ్లూ కోరుకున్న పూట అది. కాలవ గట్టు దగ్గర ఆగి, "ఈడనే గదా నా చెప్పు పడింది" అంది. ఎవరం నవ్వలేదు. ముగ్గురం ఒంగి నీళ్లల్లోకి చూశాం.

స్టూడియో ఒక బట్టల దుకాణం పైన ఉంది, చెక్క మెట్లెక్కాలి. ఫోటోగ్రాఫరు పెద్దాయన. మేము విప్పిన ఫోటోను వెలుగులోకి పట్టుకుని చూసి, వెంటనే గుర్తుపట్టాడు. "ఈవిడా! మర్చిపోతానా అండి. మూడు కుర్చీలు వేయించుకుని వెనక నిలబడ్డారు. మిగతావాళ్లు రైలు తప్పారు, వస్తే ఇక్కడ కూర్చునేవాళ్లు అన్నారు" అని, కాస్త ఆగి, "అద్దాలు రెండు అడిగారండి. ఒకటి ముందు, ఒకటి వెనక పట్టుకుని కొప్పు చూసుకున్నారు. పూలు సరిగ్గా ఉన్నాయా అని నన్నే అడిగారు" అన్నాడు.

వదిన అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ గొంతు నవ్వుకే కాదు, ఏడుపుకూ పెద్దదే. మేరమ్మ గోడవైపు తిరిగింది. నాకు ఏడుపు కాదు, ఏదో పొంగింది లోపల. పెట్టుకుంది! మా అక్క పెట్టుకుంది. ఎవరూ చూడకుండా, ఫోటోలో పడకుండా, రెండు రోజులు ఈ వీధుల్లో పూలతో తిరిగింది.

ఫోటోగ్రాఫరు మూడు కుర్చీలు తెచ్చి వేశాడు. రెండు తీసేయమన్నాను. నడిమిది ఒక్కటే ఉంచి, దాని వెనక ముగ్గురం నిలబడ్డాం. వదిన తన జడలోని మల్లెలు తీసి కుర్చీ మీద పెట్టింది. ఆయన నల్లగుడ్డలోకి తల దూర్చాడు. కాసేపటికి మళ్లీ బయటికి తీసి, ఆ ఖాళీ కుర్చీని, మమ్మల్ని చూసి, "ఇంకెవరైనా రావాలా అమ్మా?" అని అడిగాడు.

అప్పుడే కింద చెక్క మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది, బట్టల దుకాణానికి వచ్చినవాళ్లెవరో అయి ఉంటారు. ఆయన మీట నొక్కాడు, కెమెరా టక్కుమంది. "కదిలారండీ, ఇంకోటి తీస్తాను" అన్నాడు. ముగ్గురం ఒక్కసారే వద్దన్నాం.

మొన్న పోస్టులో వచ్చింది. మిషను పైన, ఆమె ఫోటో పక్కనే తగిలించాం, ఆ మేకు నేనే కొట్టాను. కుర్చీలో మల్లెపూలు తెల్లగా పడ్డాయి. మేము ముగ్గురం కెమెరా వైపు చూడటం లేదు. ఆలస్యంగా మెట్లెక్కి వస్తున్న మనిషిని చూసి నవ్వబోతున్నట్టు, ముగ్గురం గుమ్మం వైపే చూస్తున్నాం.